న్యా గివాంగ్ మొహం ఎటు తిప్పాలి

ఆ స్కానర్‌ని పీకి గోడకేసి కొట్టాలని ఆ వారంలో ఎన్నిసార్లు అనిపించిందో నాకే తెలియదు. కొట్టలేదు. అది పగిలితే దాంతోపాటు నా ఉద్యోగమూ పగులుతుంది.

లాసెం ఊళ్లో మాది కూరల్లో వేసుకునే తియ్యటి సోయా పాకం కాచే ఫ్యాక్టరీ. నల్ల సోయా, తాటిబెల్లం, కట్టెల పొయ్యి, గాజు సీసాలు. ప్రతి సీసా మీదా యజమాని నాయనమ్మ బొమ్మ ఉంటుంది. చెవులకు రాళ్ల దుద్దులు, నున్నగా దువ్విన కొప్పు, నవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్న మూతి. ఆవిడ పేరే సరుకు పేరు, న్యా గివాంగ్. ఆవిడ పోయి చాలా కాలమైనా ఫ్యాక్టరీలో ఇప్పటికీ ఆవిడ మాటే చెల్లుతుంది. యజమాని కో బెంగ్ గారికి కూడా ఆ బొమ్మ ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చునే ధైర్యం లేదు.

ఊరూరా కొట్లు తెరిచిన ఒక పెద్ద కంపెనీ మా సీసాలు అమ్మిపెడతానంది. అయితే ఒక షరతు. మా లేబుళ్లు చేత్తో అంటించేవి. చినిగినా ముడత పడినా కొట్లో బార్‌కోడ్ చదవదు. కాబట్టి ప్రతి సీసానీ మా దగ్గరే, బెల్టు మీద పోతుండగానే స్కానర్ చదవాలి, చదవని సీసాని యంత్రమే పక్కకు నెట్టెయ్యాలి. సోమవారం వాళ్ల మనిషి వచ్చి కళ్లారా చూస్తాడు. బాగుందంటే సరుకు పోతుంది, నా ఉద్యోగం పర్మనెంట్ అవుతుంది. బాగాలేదంటే నెలాఖరుకు నా కాంట్రాక్టు ముగుస్తుంది. ఇక బట్టలు సర్దుకుని బాతం దీవికి పోయి ఏ ఫ్యాక్టరీ గేటు ముందో నిలబడాలి. నా భార్య వినార్తికి నెలలు నిండుతున్నాయి. పుట్టే బిడ్డ మొహం ఫోన్లో చూసుకోవాలన్నమాట.

"కాన్పు నాటికి నువ్వు ఇంట్లో ఉంటావా, ఉండవా? ఆ ఒక్క ముక్క చెప్పు" అనేది వినార్తి రోజూ.

ఆ ఒక్క ముక్క నా చేతిలో లేదు. బెల్టు మొదట్లో నిలబడి సీసాలు పెట్టే ఆడవాళ్ల చేతుల్లో ఉంది. వాళ్లందరికీ పెద్ద ఎవరంటే బూ ప్రిహాతిన్, మా అత్తగారు. నేనేమో ఇల్లరికపు అల్లుణ్ణి. ఇక నా అవస్థ వేరే చెప్పాలా?

నిజానికి తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికే నాకు సగం వారం పట్టింది. మొదట స్కానర్‌దే తప్పనుకున్నాను. పొద్దున్నే ఆడవాళ్లు రాకముందు నా చేత్తో సీసాలు పెట్టి బెల్టు నడిపితే ఒక్కటి తప్పితే ఒట్టు. అన్నిటికీ పచ్చదీపమే. వాళ్లొచ్చి పని మొదలుపెట్టగానే ఎర్రదీపం, సీసా వెంట సీసా పక్క తొట్టిలోకి. గాజు మెరుస్తోందేమోనని స్కానర్ని కాస్త వంచాను. ఆవిరి పడుతోందేమోనని దాని అద్దం తుడిచాను. వెలుతురు ఎక్కువైందని అట్టముక్క అడ్డం పెట్టాను, తక్కువైందని తీసేశాను. తీగలన్నీ విప్పి మళ్లీ కట్టాను. అమ్మినవాడికి ఫోన్ చేస్తే "మా సరుకులో లోపం ఉండదు సార్, పెట్టేవాళ్లలోనే ఉంటుంది" అన్నాడు. గోరుచుట్టు మీద రోకలి పోటు.

బుధవారం విసుగొచ్చి స్కానర్ దగ్గర నుంచి లేచి, ఒక సీసాని పట్టుకుని దాని వెంటే మొదటి నుంచీ నడిచాను. అప్పుడు కనిపించింది. బార్‌కోడ్ ఉండేది బొమ్మకు సరిగ్గా వెనక, సీసా వీపు మీద. బెల్టుకు అవతల గోడ, దాన్ని ఆనుకుని ఆవిరి గొట్టం. అక్కడ చోటు లేక స్కానర్ని ఇవతల, ఆడవాళ్లు నిలబడే వైపు బిగించాను. అంటే సీసా వీపు మన వైపు, బొమ్మ గోడ వైపు ఉండాలి. ఈ సంగతి మొదటి రోజే చెప్పాను. అందరూ "సరే మాస్ తర్మూజీ" అన్నారు, మాస్ అంటే ఇక్కడ అన్నా అని. నేను చూస్తున్నంతసేపూ అలాగే పెట్టారు కూడా. నేను తల తిప్పగానే చేతులు పాత దారి పట్టాయి. సీసాని బెల్టు మీద పెట్టడం, బొటనవేలితో ఒక్క తిప్పు తిప్పడం, న్యా గివాంగ్ మొహం బెల్టు పోయే దిక్కుకు పెట్టడం. ఎవరికీ తాము తిప్పుతున్నట్టే తెలియదు.

"అమ్మా, ఇలా కాదని చెప్పాను కదా" అన్నాను మా అత్తగారితో, నవ్వుతూనే.

"చెప్పావు బాబూ. విన్నాం."

"విన్నారు సరే. మరి బొమ్మ ముందుకెందుకు తిరిగింది?"

"నడిచే మనిషి ముందుకు చూడక ఎటు చూస్తుంది?" అంది ఆవిడ, ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు.

ఆవిడ పక్కనే ఎప్పుడూ అంటిపెట్టుకుని ఉండే జుమీ అక్క అందుకుంది. "గోడకేసి తిప్పమంటాడేంటి వదినా? ఆవిడేమన్నా బళ్లో అల్లరి చేసి దొరికిపోయిన పిల్లా? మనకి అన్నం పెట్టిన తల్లి."

"జుమీ అక్కా, అది కాగితం."

"నీ పెళ్లి ఫొటో కూడా కాగితమే. గోడకేసి తిప్పి తగిలించు, వినార్తి ఏమంటుందో చూద్దాం."

ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. మా అత్తగారు మాత్రం నవ్వకుండా "సర్లే బాబూ, ఇక నుంచి అలాగే పెడతాం" అంది.

ఈ ఊళ్లో 'సరే' అంటే 'నువ్వు చెప్పింది నా చెవిన పడింది' అని మాత్రమే అర్థం. మాది సురబాయ. మా వైపు చేసేవాడు చేస్తానంటాడు, చెయ్యనివాడు పో అంటాడు, తిట్టుకోకుండా మాట్లాడుకుంటే ఇద్దరిలో ఒకడికి జ్వరమొచ్చిందనుకుంటాం. ఇక్కడ గొంతు పెంచడమే పాపం. కాదని మొహాన చెప్పడం అంతకంటే పెద్ద పాపం. పెళ్లైనప్పటి నుంచీ నా నోటికి నేనే చిక్కం వేసుకుని బతుకుతున్నాను.

గురువారం సీసాలు పెట్టే బల్ల మీద బాణం గుర్తు గీశాను. దాని మీద జిగురు గిన్నె పెట్టుకున్నారు. ఆడవాళ్ల వెనకే నిలబడి కాపలా కాశాను. "ఎవరో గుడ్లప్పగించి చూస్తుంటే అన్నం ముద్ద కూడా నోటికి పోదు మాస్" అని జుమీ అక్క గొణిగింది. కాపలా కాసినంతసేపు స్కానర్ చదివింది. నేను నీళ్లు తాగి వచ్చేసరికి తొట్టి నిండిపోయి ఉంది. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

శుక్రవారం చిక్కం తెగింది. అత్తగారిని ఏమీ అనలేను కదా. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు జుమీ అక్క మీద విరుచుకుపడ్డాను. "చేతులా, చెక్క గరిటెలా అవి? చెప్పి చెప్పి నా నోరు పడిపోతోంది. ఈ చేతులతో నువ్వు వండిన కూర మీ ఇంట్లో ఎవరైనా తింటారా?" అన్నాను. సురబాయలో ఇది పలకరింపు కింద లెక్క. జుమీ అక్క సీసా కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, పెరట్లోకి పోయింది. చాలాసేపు రాలేదు.

సాయంత్రం ఇంటికి నడిచి వస్తూ మా అత్తగారు ఒక్క మాట అంది. "అరుపులు మాకు అలవాటు లేదు బాబూ."

"నేను బాతం పోతే అరుపులు వినబడవులెండి" అన్నాను.

ఆ పూట నుంచీ మా మధ్య మాటల్లేవు. వినార్తి ఇద్దరికీ మధ్య కూర్చుని ఎవరి కంచంలో ఏం కావాలో తనే అడిగి వేసేది.

ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు. నేనొక్కణ్ణే వెళ్లి బెల్టు పక్కన కూర్చున్నాను. కోపం దిగిపోయాక బుర్ర పనిచేసింది. వాళ్ల చేతులు తప్పు చేస్తుంటే ఒకసారి ఇటూ ఒకసారి అటూ తిప్పాలి. వాళ్లు ప్రతిసారీ ఒకే వైపు తిప్పుతున్నారు. న్యా గివాంగ్ ఎప్పుడూ ముందుకే చూస్తుంది, బార్‌కోడ్ ఎప్పుడూ వెనక్కే ఉంటుంది. అలాంటప్పుడు వాళ్లతో ఎందుకు తగువు? మనుషుల్ని తిప్పడం కంటే ఇనుప ముక్కని తిప్పడం తేలిక. బెల్టు ఒక చోట మూల తిరుగుతుంది. మూల దగ్గర నిలబడి చూస్తే, అది దాటిన సీసా వీపు పూర్తిగా కనబడుతుంది. స్కానర్ని పీకి ఆ మూలకు తెచ్చి, కాస్త ఎత్తులో, సీసాల్ని వెనక నుంచి చూసేలా బిగించాను. సీసాల్ని పక్కకు నెట్టేసే యంత్రపు చెయ్యిని దానికి అవతలకి మార్చాను. బొమ్మలు ముందుకు చూసేలా సీసాలు పెట్టి బెల్టు నడిపాను.

పచ్చ, పచ్చ, పచ్చ. లేబుల్ సగం చించిన సీసా ఒకటి పెట్టాను. ఎర్రదీపం, తొట్టిలోకి. మళ్లీ పచ్చ. ఎవరూ లేరు కాబట్టి బెల్టు పక్కన గంతులు వేశాను. నేను బాతం పోవక్కర్లేదు.

ఆడవాళ్లకి చెప్పాలని అనిపించలేదు. వాళ్లు రోజూ చేసేదే చేస్తారు, ఇక చెప్పడానికేముంది? స్కానర్ చోటు మారడం చూస్తారు గానీ, ఆ వారంలో అది ఎన్నిసార్లు మారలేదు కనక. పైగా మా అత్తగారితో మాటల్లేవు. ఇంటికొచ్చేసరికి ఆవిడ లేదు. "జుమీ అత్త ఇంటికెళ్లింది పొద్దుననగా. ఇంకా రాలేదు" అంది వినార్తి. మంచిదే అనుకున్నాను.

సోమవారం పెద్ద కంపెనీ మనిషి పాక్ రేనాల్డి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో పలక లాంటి ఫోను. కో బెంగ్ గారు పెళ్లికి వేసుకునే బాతిక్ చొక్కా వేసుకున్నారు. ఆడవాళ్లంతా ఉతికిన తలగుడ్డలు కట్టుకుని నిలబడ్డారు. కో బెంగ్ గారు నా చెవిలో "తర్, ఇవాళ మా నాయనమ్మ పరువు నీ చేతిలో ఉంది" అన్నారు. నేను ధీమాగా తల ఊపి మీట నొక్కాను.

మొదటి సీసాకి ఎర్రదీపం. నెట్టేసే చెయ్యి దాన్ని తొట్టిలోకి తోసింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. పాక్ రేనాల్డి మర్యాదగా దగ్గాడు.

తీగలు చూశాను, బాగానే ఉన్నాయి. అద్దం చూశాను, శుభ్రంగా ఉంది. సీసాలు వస్తూనే ఉన్నాయి, తొట్టిలో పడుతూనే ఉన్నాయి. బెల్టు వెంట మొదటికి పరిగెత్తాను.

ఆడవాళ్లు ఎవరూ మాట్లాడుకోవడం లేదు. నాలుకలు పళ్ల మధ్య పెట్టుకుని, కళ్లు చిట్లించి, ఒక్కొక్క సీసానీ రెండు చేతులతో పట్టుకుని పెడుతున్నారు. ప్రతి సీసా మీదా న్యా గివాంగ్ మొహం గోడ వైపుకి తిరిగి ఉంది. ఒక్కటి కూడా తేడా లేదు. వారమంతా అరిచి గీపెట్టినా జరగనిది ఆ రోజు జరిగింది. మా అత్తగారు తలెత్తి నన్ను చూసి, శుక్రవారం తర్వాత మొదటిసారి నవ్వింది.

ముందు వెళ్లి ఆవిడ కాళ్లు పట్టుకోవాలనిపించింది. కానీ వెనక ఎర్రదీపం వెలుగుతోంది. ఆవిడ దగ్గరికి వంగి, ఈ ఊరి పద్ధతిలో, నాకొచ్చినంత మెత్తగా చెప్పాను. "అమ్మా, మీకు చాలా శ్రమ ఇచ్చాను. మీరు ఎప్పటిలాగే, బొమ్మ ముందుకు చూసేలా పెట్టండమ్మా. అదే బాగుంటుంది."

ఆవిడ మొహం ఇంకా విప్పారింది. "మా కోసం నువ్వు మొహమాటపడకు బాబూ. మాకేం కష్టం లేదు. నేర్చుకున్నాం."

"మొహమాటం కాదమ్మా. నిజంగానే. స్కానర్ని మూలకి మార్చాను."

"ఎంత మంచి మాట. చూశావా జుమీ? మనకి కష్టమవుతుందని తన పనే మార్చుకుంటానంటున్నాడు." చేతులు ఆగలేదు. ఇంకో సీసా, గోడకేసి. "వద్దు బాబూ. నువ్వు చెప్పినట్టే చేస్తాం. పెద్దమనుషుల ముందు నీ మాట పోకూడదు."

ఇక్కడ మెత్తగా అడిగితే అది మర్యాద. మర్యాదకి మర్యాదగా వద్దనాలి. అవతలివాడు ఇంకోసారి అడుగుతాడు, ఇంకోసారి వద్దనాలి. పెళ్లి భోజనంలో ఇంకొంచెం వేస్తామంటే వద్దన్నట్టు. అలా ఎన్నిసార్లో. నేను మళ్లీ అడిగాను. ఆవిడ మళ్లీ వద్దంది, ఇంకా ప్రేమగా. నేను చెయ్యి పెట్టి ఒక సీసా తిప్పితే జుమీ అక్క నవ్వుతూ దాన్ని మళ్లీ గోడకి తిప్పింది. "అయ్యో మాస్, నువ్వెందుకు చెయ్యి మురికి చేసుకోవడం?"

బెల్టు ఆపి నెమ్మదిగా అందరికీ చెప్పొచ్చు. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు వినిపించింది ఒక్కటే, పాక్ రేనాల్డి గొంతు. "కో బెంగ్ గారూ, మేం ఇంకో నెల తర్వాత చూద్దాం లెండి." ఇంకో నెలకి నేను ఇక్కడ ఉండను.

"ఏయ్ ముసలీ, నీకు చెవుడా? తిప్పమంటే తిప్పు. మొహం ముందుకి తిప్పి చావు!"

అది నా గొంతే. పొయ్యి దగ్గర పాకం కలిపేవాళ్లు కూడా గరిటెలు ఆపారు. మా అత్తగారి చేతిలో సీసా ఉంది. ఆవిడ దాన్ని కాసేపు చూసింది. తర్వాత బెల్టు మీద పెట్టి, బొటనవేలితో తిప్పింది. న్యా గివాంగ్ ముందుకు చూసింది. పక్కవాళ్లూ తిప్పారు. బెల్టు మూల దగ్గర పచ్చదీపం వెలిగింది. ఇక ఆరలేదు.

పాక్ రేనాల్డి తన ఫోనులో ఏవేవో నొక్కాడు. చించిన లేబుల్ ఒకటి తనే పెట్టి చూశాడు, యంత్రం దాన్ని నెట్టేసింది. "బాగుంది, చాలా బాగుంది" అన్నాడు. కో బెంగ్ గారు నా భుజం మీద చెయ్యేసి, "ఇవాళ్టి నుంచి నువ్వు మా మనిషివి తర్" అన్నారు. సాయంత్రం లోపే పర్మనెంట్ కాగితం మీద సంతకం పెట్టారు. సెలవయ్యేదాకా బెల్టు దగ్గర ఎవరూ నోరు విప్పలేదు. జుమీ అక్క కూడా ఒక్క ఎగతాళి చెయ్యలేదు.

మా అత్తగారు నాకోసం ఆగకుండా ముందే వెళ్లిపోయింది. నేను ఇంటికి చేరేసరికి వినార్తి వాకిట్లో నిలబడి ఉంది. కాగితం చూపించాను. చదివింది. మడిచి నా చేతిలో పెట్టింది.

"నిన్న అమ్మ జుమీ అత్త వాళ్లింట్లో ఏం చేసిందో తెలుసా?" అంది. "అందర్నీ పిలిచి చాప మీద కూర్చోబెట్టింది. ఖాళీ సీసాలు పెట్టుకుని పొద్దుగూకేదాకా గోడకేసి తిప్పడం అలవాటు చేసుకున్నారు. చెయ్యి పాత పద్ధతిలో తిరిగితే ఒకళ్ల వేళ్ల మీద ఒకళ్లు కొట్టుకున్నారట. ముందు న్యా గివాంగ్ బొమ్మకి చేతులు జోడించి, 'మా అల్లుణ్ణి ఊరు దాటనివ్వకు తల్లీ, నీ మొహం గోడకి తిప్పుతున్నాం, మమ్మల్ని క్షమించు' అందట అమ్మ. జుమీ అత్త ఇప్పుడే వచ్చి చెప్పి ఏడ్చి వెళ్లింది."

"నాకేం తెలుసు?" అన్నాను. "స్కానర్ని మార్చానని..."

"ఆ సంగతి నిన్ననే ఒక్క మాట చెప్పి ఉంటే నోరు అరిగిపోతుందా?"

"ఆవిడ చెప్పొచ్చుగా ఏం చేస్తోందో?"

వినార్తి నన్ను పురుగుని చూసినట్టు చూసి లోపలికి పోయింది.

రోజూ నేను వంటింట్లోనే పొయ్యి పక్కన పీట మీద కూర్చుని తింటాను. మా అత్తగారు పెనం మీద నుంచి వేయించిన సోయాగింజల టెంపే ముక్కలు తీసి నేరుగా నా కంచంలో వేస్తుంది, "ఇంకోటి మింగు, గాలికి ఎగిరిపోయేలా ఉన్నావు" అని కసురుతూ. ఆ రోజు వంటింటి గడప దగ్గరికి వెళ్లేసరికి ఆవిడ ఎదురొచ్చింది. కళ్లు ఎర్రగా లేవు, మొహంలో కోపం లేదు. ఊరి పెద్దలొస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

"మీరు ముందు గదిలో కూర్చోండి. అక్కడికే తెస్తాను" అంది.

"అమ్మా, నేను ఇక్కడే..."

"వద్దండి, పొగ ఉంది. మీరు అలిసిపోయి వచ్చారు."

ముందు గదిలో బల్ల మీద ఉతికిన గుడ్డ పరిచి ఉంది. చుట్టాలకు మాత్రమే తీసే మూత గ్లాసులో టీ ఉంది. కంచంలో టెంపే ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. ఇంకోటి కావాలా అని ఆవిడ అడగలేదు. నా ముందు నుంచి పోయేటప్పుడు నడుం వంచి, ఒక చెయ్యి కిందికి చాపి, పరాయి పెద్దమనిషి ముందు నుంచి పోతున్నట్టు పోయింది. మా ఊళ్లో అయితే నా చెంప పగలగొట్టేది. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని టీ తాగేవాళ్లం. ఇక్కడ నన్ను పెద్దవాణ్ణి చేసి కూర్చోబెట్టారు.

వంటింట్లో తల్లీ కూతుళ్లు ఏదో మాట్లాడుకుంటూ తింటున్నారు. కంచం పట్టుకుని లేచి అటు నడిచాను. నా అడుగుల చప్పుడు వినబడగానే మాటలు ఆగిపోయాయి. వెనక్కి వచ్చి బల్ల దగ్గర కూర్చుని తిన్నాను.